నీలాద్రిరాజు గారి అరవై రెండో తప్పు

సాగి నీలాద్రిరాజు గారికి అరవై తొమ్మిదో ఏట మండలి నుంచి ఉత్తరం వచ్చింది. మండలి అంటే విమాన నిర్మాణ, పరీక్షా, ప్రమాణీకరణ మండలి. ఆ పేరు పూర్తిగా పలికేలోపు చిన్న విమానం ఒకటి రన్‌వే దాటిపోతుందని రాజుగారు ఉద్యోగంలో ఉన్న రోజుల్లోనే అనేవారు. పందొమ్మిది వందల యాభై మూడు నుంచి అరవై ఆరు దాకా పదమూడేళ్లు ఆయన అక్కడ టెస్ట్ పైలట్‌. అంటే కొత్తగా తయారైన విమానాన్ని అందరికంటే ముందు ఎక్కి, అది సరిగ్గా ఎగురుతోందో లేదో చూసి, ఆ సంగతి కిందికొచ్చి చెప్పడం. కిందికి రావడం ఎలాగూ తప్పదు కాబట్టి, ఆ ఉద్యోగంలో కష్టమంతా చెప్పడంలోనే ఉందని ఆయనకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఉత్తరం తెలుగులో ఉంది. మండలిలో అధికార భాషా వారోత్సవాలు నడుస్తున్నాయి. ఆ వారం పంపిన ఉత్తరాలన్నీ తెలుగులో రాసి, వాటిలో ఏముందో చెప్పడానికి పై వారం ఇంగ్లీషులో మరో ఉత్తరం పంపేవారు.

"మండలి స్వర్ణోత్సవముల సందర్భమున తమరి వృత్తిగత మరియు వ్యక్తిగత రికార్డుల సమన్వయము నిమిత్తము తమరు ఈ నెల పన్నెండవ తేదీన స్వయముగా హాజరు కావలసినదిగా ఇందుమూలముగా కోరడమైనది. తమరి సేవలకు సముచిత స్థానము కల్పించుట జరుగును."

ఆ చివరి వాక్యాన్ని రాజుగారు మూడుసార్లు చదివారు. స్వర్ణోత్సవాలకి మండలి గేటు దగ్గర నల్లరాతి స్తంభం నిలబెడుతున్నారనీ, పాత పైలట్ల పేర్లు దాని మీద చెక్కుతారనీ ఆయన చెవిన పడి ఆర్నెల్లయింది. తనకి అలాంటి వాటి మీద ఆశ లేదు. ఆశ లేదన్న సంగతి ఇంటికొచ్చిన ప్రతివాడికీ తనే ఎత్తుకుని మరీ చెప్పేవారు.

"రాతి మీద పేరు చెక్కాలంటే ముందు మనిషి పోవాలేమో కదండీ?" అన్నారు ఆయన భార్య సుభద్రమ్మ గారు, ఉత్తరం కళ్లజోడు దగ్గరగా పెట్టుకుని.

"పైలట్లకి మినహాయింపు ఉంటుంది."

"అయితే ముందు ఆ కోటుకి గుండీలు పడతాయో లేదో చూసుకోండి."

ఆవిడది భీమవరం పక్కన పల్లెటూరు. ఆయన గాల్లో ఉన్నన్నాళ్లూ కింద కూర్చుని భయపడ్డారు. ఆయన ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నాక ఆ భయానికి కసి తీర్చుకుంటున్నారు. కోటుకి గుండీలు పడలేదు. దర్జీ రెండు పక్కలా కుట్లు విప్పి మళ్లీ కుట్టాడు. పన్నెండో తేదీన రాజుగారు ఆ కోటు తొడుక్కుని, ఊపిరి కొంచెం తక్కువగా పీలుస్తూ బయల్దేరారు.

రికార్డుల విభాగంలో ఆయనకి ఎదురొచ్చినవాడు చెంచురామయ్య. నెల్లూరు మనిషి. యాభై మూడులో ఇరవయ్యేళ్ల గుమాస్తాగా చేరి, ఇప్పుడు సూపరింటెండెంటై, రిటైర్మెంటుకి ఇంకా రెండు నెలల దూరంలో ఉన్నాడు.

"రండి సామీ, రండి. మీరేమీ మారలేదే," అన్నాడు. అబద్ధమాడేటప్పుడు చెంచురామయ్య ఎదుటివాళ్ల భుజం వైపు చూస్తాడు. అది కూడా మారలేదు.

బల్ల మీద రెండు ఫైళ్లు పెట్టాడు. వ్యక్తిగతం అన్నది పల్చగా, నీలం అట్టతో ఉంది. వృత్తిగతం అన్నది దిండంత ఉంది. రాజుగారు దాన్ని చూసి ముచ్చటపడ్డారు. తెరిచి చూస్తే లోపలన్నీ సి ఫారాలు.

ఆ ఫారాల సంగతి చెప్పాలి. పరీక్షలో విమానానికి ఏదైనా తేడా వస్తే రెండు దారులుండేవి. తప్పు యంత్రానిది అయితే ఎఫ్ ఫారం. అది పద్నాలుగు ప్రతులు చేతిరాతతో నింపాలి, ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చోవాలి, కమిటీ లేచేదాకా విమానం షెడ్డులో, పైలట్ నేల మీద ఉండాలి. కమిటీ కూర్చోవడానికి మూడు నెలలు, లేవడానికి అయిదు నెలలు పట్టేది. తప్పు పైలట్‌ది అయితే సి ఫారం. ఒక్క కాగితం, ఒక్క సంతకం, మర్నాడు పొద్దున్నే విమానం మళ్లీ గాల్లోకి. యాభై మూడు జూలైలో జొన్నచేల మీద ఎగురుతుండగా ఎడమ చక్రం ఊడిపోయింది. రాజుగారు మిగిలిన చక్రం మీదా, సగం రెక్క మీదా దిగారు. ఇంకా టోపీ తియ్యకముందే చెంచురామయ్య కాగితం పట్టుకొచ్చాడు. "చక్రం ఊడిందని రాస్తే ఎనిమిది నెలలు సామీ. చక్రం పోగొట్టుకున్నానని రాస్తే రేపు ఆరు గంటలకి," అన్నాడు. రాజుగారికి ముప్పై ఒక్కేళ్లు. ఆయన సంతకం పెట్టారు.

మొదటిది పెట్టాక రెండోది తేలికైంది. ఇప్పుడు చెంచురామయ్య ఒక్కొక్కటే పైకి చదువుతుంటే ఆయనకి ఆ విమానాలన్నీ గుర్తొచ్చాయి.

"యాభై అయిదు, మార్చి. పైలట్ మూత సరిగా వేసుకోలేదు." పైలట్ తల మీది ఆ గాజు మూత దానంతటదే ఎగిరిపోయి చెరుకు తోటలో పడింది. తోట రైతు దాని కింద కోళ్లను కమ్మేసుకున్నాడు, తిరిగివ్వడానికి ఒప్పుకోలేదు.

"యాభై ఏడు. పైలట్ గద్దకు దారి ఇవ్వలేదు."

"యాభై తొమ్మిది. పైలట్ ఇంధనం అయిపోయేదాకా ఎగిరాడు." మీటరు ముల్లు ట్యాంకు సగం ఉందని చూపిస్తుండగానే ఇంజను ఆగింది.

ప్రతి కాగితం చివరా ఒకటే వాక్యం: పైలట్‌ను మందలించడమైనది. మందలించడం అంటే చెంచురామయ్య నవ్వడం. రాజుగారూ నవ్వేవారు. సాటి ఉద్యోగుల్లో ఇంజనీర్లంతా ఆయన్ని దేవుడనేవారు, తమ తప్పులన్నీ నెత్తిన వేసుకునే మహానుభావుడనేవారు. ఆ మాటలు ఆయన నమ్మారు. నిజానికి ఆయనకి మర్నాడు పొద్దున్న ఎగరాలి, అంతే. ఎనిమిది నెలలు నేల మీద కూర్చోవడం కంటే వెధవ అనిపించుకోవడమే నయమనిపించింది. దానికి త్యాగమని పేరు పెట్టుకుని పదమూడేళ్లు గడిపారు.

"మొత్తం అరవై ఒకటి," అన్నాడు చెంచురామయ్య, మళ్లీ భుజం వైపు చూస్తూ. "డైరెక్టరు గారు మిమ్మల్ని చూడాలంటున్నారు. మీరు కొంచెం స్థిమితంగా వినండి సామీ."

డైరెక్టరు గంటి త్రివిక్రమం గారు గణాంక శాఖ నుంచి వచ్చిన మనిషి. ఎత్తుకి వెళితే కళ్లు తిరుగుతాయని ఢిల్లీకి కూడా రైల్లోనే వెళతారు. ఆయన వచ్చాక మండలిలో ఏ నిర్ణయమైనా అంకెల్ని బట్టే జరుగుతోంది. ఆయన కుర్చీ వెనక గోడ మీద 'రికార్డే ప్రమాణం' అని పెద్ద అక్షరాలు రాయించారు.

"ఆసీనులు కండు. తమరి రికార్డును ఆమూలాగ్రము పరిశీలించితిమి. అపూర్వము."

"ఏదోలెండి, ఆ రోజులు అలాంటివి," అన్నారు రాజుగారు సిగ్గుపడుతూ.

"అరువదియొక్క దోషములు. మండలి చరిత్రలో తమరి దరిదాపులకు వచ్చినవారు లేరు. ద్వితీయ స్థానమున ఉన్నవారికి నాలుగు మాత్రమే. వారు అయిదవ దానికి సంతకము నిరాకరించి ఉద్యోగము మానుకొనిరి."

త్రివిక్రమం గారు ఎంతో మర్యాదగా ఒక పసుపు అట్ట పుస్తకం ఆయన చేతిలో పెట్టారు. అట్ట మీద రాజుగారి ఫొటో ఉంది, టోపీతో, ముప్పై అయిదేళ్ల వయసులో. కింద 'నీలాద్రిరాజు చేసిన అరువదియొక్క దోషములు: పైలట్లు చేయరాని పనుల కరదీపిక' అని ఉంది.

"సముచిత స్థానము కల్పింతుమని వ్రాసితిమి గదా," అన్నారు డైరెక్టరు. "ప్రతి శిక్షణార్థి చేతిలో తమరే ఉందురు."

రాజుగారు పుస్తకం అటూ ఇటూ తిప్పి చూశారు. నవ్వొచ్చింది. ఫొటో మాత్రం బాగా వచ్చింది అనుకున్నారు. అయినా అడగకుండా ఉండలేకపోయారు. "మరి ఆ నల్లరాతి స్తంభం అండీ?"

"స్తంభము దోషరహితులకు. రికార్డులన్నియు సమన్వయము చేయగా అట్టివారు ఒక్కరే తేలిరి. టిట్టిభము."

టిట్టిభం అంటే మనిషి కాదు. రెండు సీట్ల చిన్న శిక్షణ విమానం. అరవై నాలుగులో అది ఒక్కటే తయారైంది, దాన్ని నడిపినవాడు నీలాద్రిరాజు గారొక్కరే. అరవై ఆరులో దానికి ఏ రంగు వెయ్యాలో తేల్చడానికి కూర్చున్న కమిటీ మొన్నటిదాకా లేవలేదు కాబట్టి అది షెడ్డులోనే ఉండిపోయింది.

"నూట పన్నెండు మారులు ఎగిరినది. యంత్రదోషము శూన్యము. భూగోళమున ఇట్టి విమానము వేరొకటి లేదు," అన్నారు త్రివిక్రమం గారు, గొంతు కొంచెం గద్గదమై. "ఇరువది అయిదవ తేదీన స్వర్ణోత్సవ సభ ఎదుట దానిని మరల ఎగురవేయుచున్నాము. తదుపరి అదే నమూనాతో ఇరువది నాలుగు నిర్మించి ఫ్లయింగు పాఠశాలలకు పంపుదుము."

రాజుగారి నవ్వు అక్కడ ఆగిపోయింది.

టిట్టిభం సంగతి ఆయనకి తెలుసు. అది ఎడమ వైపుకి గిరికీలు తిరుగుతూ దిగితే, కాలి కింది ఎడమ పెడల్ లోపలికి దిగబడి అక్కడే పట్టేస్తుంది. పెడల్ పైకి రాకపోతే గిరికీ ఆగదు. నేల మాత్రం వస్తూనే ఉంటుంది. మొదటిసారి అలా జరిగినప్పుడు ఆయన ప్రాణం మీదికొచ్చి, బూటు ముక్కు పెడల్ కిందికి దూర్చి పైకి ఎగదన్నారు. అది పైకొచ్చింది. తర్వాత తొమ్మిదిసార్లు అలాగే చేశారు. తొమ్మిదిసార్లూ సి ఫారం మీద సంతకం పెట్టి, మర్నాడు మళ్లీ ఎగిరారు.

"అయ్యా, దాన్ని ఎగరనివ్వకండి. ఎడమ గిరికీలో పెడల్ పట్టేస్తుందండి. మనిషి పోతాడు," అని ఆ సంగతంతా చెప్పారు.

డైరెక్టరు సానుభూతిగా విన్నారు. "ఇది ఎవరి అభిప్రాయము?"

"నాదేనండి."

"అరువదియొక్క దోషములు చేసిన పైలట్ అభిప్రాయము. దోషమెరుగని విమానమును గురించి."

"ఆ ఫారాలు ఉత్తవండి. ఎనిమిది నెలలు ఆగలేక సంతకం పెట్టాను. వాటిని మార్చండి."

"మార్చుటకు విధానము కలదు." త్రివిక్రమం గారు వేళ్లు మడిచి చెప్పారు. "నాటి సంతకము అసత్యమని తమరు ధ్రువీకరింపవలెను. అసత్యమునకు సంతకము చేయువారని తేలిన పిదప తమరి ధ్రువీకరణ చెల్లదు. చెల్లని ధ్రువీకరణతో రికార్డు మార్చరాదు. కావున తమరు ఆనాడు సత్యమే పలికితిరని మేము భావించుచున్నాము. తమరు సంతోషింపవలెను."

రాజుగారు సంతోషించకుండా లేచారు. కోటు గుండీ ఒకటి తెగి బల్ల కిందికి దొర్లింది. దాన్ని వెతుక్కునే ఓపిక కూడా లేక అక్కణ్ణుంచి నేరుగా హేంగరుకి నడిచారు.

టిట్టిభానికి తెల్ల రంగు వేశారు. పాతికేళ్ల తర్వాత చూసినా అది ఆయనకి ముద్దుగానే కనిపించింది. దాని ముక్కు దగ్గర ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాడు పసుపు అట్ట పుస్తకం చదువుకుంటున్నాడు. పేరు రత్నాకర్, ఊరు బాపట్ల, ఇరవై అయిదున దాన్ని ఎగరేయాల్సిన పైలట్ అతనే. రాజుగారిని చూసి ఠక్కున నిలబడ్డాడు. అట్ట మీది ఫొటో వైపు ఒకసారి, మొహం వైపు ఒకసారి చూశాడు.

"సర్, మీ పుస్తకం నాకు కంఠతా వచ్చు."

"అది నేను రాసింది కాదు బాబూ. చేసింది," అన్నారు రాజుగారు. "ఎడమ గిరికీలో పెడల్ దిగబడితే ఏం చేస్తావు?"

"దిగబడదు సర్. నూట పన్నెండుసార్లలో ఒక్క దోషం లేదు."

"దిగబడిందనుకో."

"ముప్పై నాలుగో అంశం సర్. 'పైలట్ పెడల్ కింద బూటు దూర్చరాదు.' రెండు కాళ్లూ వెనక్కి తీసుకుని రేడియోలో కార్యాలయానికి తెలపాలి."

"తెలిపితే?"

"వాళ్లు రికార్డు చూసి, దోషం లేదని చెబుతారు సర్."

రాజుగారు తన ప్రాణం నిలబెట్టిన ఒక్క ఉపాయాన్నీ తన తప్పుగా తనే రాసిచ్చారు. దాన్నిప్పుడు ఈ కుర్రాడు చెయ్యకూడని పనిగా బట్టీ పట్టాడు.

"బూటు దూర్చి ఎగదన్ను బాబూ. అదొక్కటే దారి. నా మాట విను."

రత్నాకర్ ఇబ్బందిగా పుస్తకం మూశాడు. "పరీక్షలో ఆ ప్రశ్నకి అలా రాసిన ఇద్దర్ని పంపించేశారు సర్," అన్నాడు. పెద్దాయన్ని నొప్పించకూడదని, "మీరు చెప్పారని గుర్తుంచుకుంటాను," అని కూడా అన్నాడు. గుర్తుంచుకునేది ఏ రకంగానో రాజుగారికి అర్థమైంది.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. సుభద్రమ్మ గారు రొయ్యల ఇగురు వడ్డించి, కోటు గుండీ ఏదని అడిగారు. ఆయన జరిగిందంతా చెప్పారు. చేయి కంచంలోనే ఉండిపోయింది.

"ఆఫీసులో అరవై ఒక్క తప్పులు ఒప్పుకున్నారా?" అన్నారావిడ. "ఇంట్లో ఇన్నేళ్లలో ఒక్కటీ ఒప్పుకోలేదు."

"ఆ కుర్రాడు చచ్చిపోతాడు సుభద్రా."

ఆవిడ గరిటె కింద పెట్టారు. పదమూడేళ్లు రోజూ ఆ భయంతోనే పొయ్యి వెలిగించిన మనిషి.

"నిజం చెబితే వినరన్నమాట."

"వినరు."

"తప్పు ఒప్పుకుంటే?"

"దానికైతే చెవి కోసుకుంటారు."

"అయితే ఇంకోటి ఒప్పుకోండి. మీకు అలవాటేగా," అని ఆవిడ మజ్జిగ తేవడానికి లేచారు.

మర్నాడు పొద్దున్నే ఆయన చెంచురామయ్య బల్ల ముందు కూర్చున్నారు. విమానాన్ని నేల మీద ఆపేసే తప్పు ఏదైనా ఉందా అని అడిగారు. చెంచురామయ్య ఒక ఖాళీ సి ఫారం తీసి తొమ్మిదో గడి మీద వేలు పెట్టాడు. 'సదరు తప్పు ప్రభావము నమూనాపై పడినదా?'

"దీంట్లో 'పడినది' అని రాస్తే ఆ నమూనా, దాన్నిబట్టి చేసిన విమానాలు, చెయ్యబోయేటివి, అన్నీ ఆ నిమిషానే ఆగిపోతాయి. పైలటే ఒప్పుకున్నాడు గాబట్టి కమిటీ అక్కర్లేదు. మీ అరవై ఒకటిలోనూ 'పడలేదు' అని నేనే రాసినా సామీ. మీరు చూసుకోను కూడా లేదు."

"నమూనాలో నా తప్పేముంటుందయ్యా? గీసింది ఇంజనీర్లు."

చెంచురామయ్య నీలం అట్ట ఫైలు తెరిచాడు. ఎత్తు, బరువు, రక్తం గ్రూపు. వాటి కింద, పాదం కొలత: తొమ్మిదిన్నర అంగుళాలు. "టిట్టిభం పెడల్ మీ కాలి కొలతకే గదా చేసింది. ఆ కొలత మీరు తప్పు ఇచ్చినారనుకోండి."

ఇద్దరూ కిందికి చూశారు. రాజుగారి పాదాలు అయిదారేళ్లుగా నీరు పట్టి ఉబ్బి ఉంటున్నాయి. ఉప్పు మానెయ్యమని డాక్టరు మొత్తుకుంటున్నా ఆయన మానలేదు.

"ఇంకొక్క మాట సామీ," అన్నాడు చెంచురామయ్య. ఈసారి భుజం వైపు చూడలేదు. "నమూనా చెడగొట్టినట్టు ఒప్పుకున్నోళ్ల పేరు పాత పైలట్ల జాబితాలో నుంచే తీసేస్తారు. ఈ స్తంభం మీద ఎటూ లేదు, ఇక ముందు పెట్టే ఏ రాయి మీదా ఎక్కదు. ఆ పుస్తకం ఒక్కటే మిగులుద్ది. నేను ఆ రోజు ఆ కాగితం తేకుండా ఉండాల్సింది."

నీలాద్రిరాజు గారు కలం పట్టుకుని కూర్చున్నారు. ఆశ లేదని ఊరందరికీ చెప్పిన మనిషికి ఇప్పుడు తెలిసింది, ఎంత ఆశ ఉందో. ఆ నల్లరాయి మీద తన పేరు ఎక్కడుంటుందో, ఏ సైజులో ఉంటుందో, ఆర్నెల్లుగా ఆయన మనసులో చెక్కుకుంటూనే ఉన్నారు. చిన్న ఆశే, కానీ డైరెక్టరు కాదన్నాక కూడా అది పూర్తిగా పోలేదు. కాసేపటికి సంతకం పెట్టారు. అరవై ఒక్కసార్లు చేసిన పని కాబట్టి పేరు సరిగ్గానే పడింది.

మూడో రోజున డైరెక్టరు గదిలో పాదం కొలిచే కార్యక్రమం జరిగింది. తూనికలు కొలతల శాఖ నుంచి ఒకాయన ఇత్తడి స్కేలు తెచ్చాడు. రాజుగారు మేజోడు విప్పి కాలు తెల్ల కాగితం మీద పెట్టారు. ముందు రోజు ఆయన రెండు పూటలా ఊరగాయతోనే భోంచేశారు, సుభద్రమ్మ గారు దగ్గరుండి వడ్డించారు. కొలతలాయన మోకాళ్ల మీద కూర్చుని, పెన్సిలుతో గీసి, స్కేలు పెట్టి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టాడు. తొమ్మిదిన్నర వస్తే ఆ కుర్రాడి గతి ఏమిటన్నది తప్ప రాజుగారికి ఇంకేమీ తోచలేదు.

"తొమ్మిదీ ముప్పావు," అన్నాడు కొలతలాయన.

త్రివిక్రమం గారు కుర్చీలోంచి లేచారు. మొహం వెలిగిపోయింది. "పావు అంగుళము భేదము. ఇన్నేండ్లుగా దాచిన దోషము. విమానము నిర్దోషి. నమూనా నిర్దోషి. పాదమే దోషి." గుమాస్తా రాసుకున్నాడు. "తక్షణము టిట్టిభమును నిలుపుదల చేయవలెను. పెడల్ విప్పి, సరియైన పాదము లభించువరకు నూతన నిర్మాణము ఆపవలెను. తీసుకొనిన చర్య యను గడిలో, పైలట్ పాదమును మందలించడమైనదని వ్రాయుము."

గుమాస్తా అలాగే రాశాడు. రాజుగారు మేజోడు తొడుక్కున్నారు. వంగి తొడుక్కుంటున్నారు కాబట్టి మొహంలో ఏముందో ఎవరికీ కనిపించలేదు. నవ్వే ఉంది, దాంతోపాటు కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి.

ఇరవై అయిదున స్వర్ణోత్సవ సభకి ఆయనకి ఆహ్వానం రాలేదు. జాబితాలో పేరు లేదు కదా. రత్నాకర్ రెండు పాసులు తెచ్చి ఇంట్లో ఇచ్చి, రావాలని పట్టుబట్టాడు. దంపతులిద్దరూ ఆఖరి వరసలో కూర్చున్నారు. ఎగరాల్సిన టిట్టిభం వేదిక పక్కన బంతిపూల దండ వేసుకుని నిలబడింది. స్తంభం మీది ముసుగు తీశారు. నల్లరాతి మీద ఒక్కటే పేరు, విమానానిది. అందరూ చప్పట్లు కొట్టారు. త్రివిక్రమం గారు ఉపన్యాసం మొదలుపెట్టారు.

అది నడుస్తుండగా రత్నాకర్ వచ్చి రాజుగారి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"పెడల్ విప్పుతుంటే నేనూ చూశాను సర్. లోపల ఇనుప కమ్మీకి అరిగి పళ్లు పడ్డాయి. పెడల్ దాంట్లో ఇరుక్కుంటే తొక్కినా రాదు. కింద నుంచి ఎగదంతేనే వస్తుంది." రాజుగారి పాదాల వైపు చూసి, "మీ కాలిది తప్పు కాదు సర్," అన్నాడు.

"కాలిది కాదు బాబూ. చేతిది." రాజుగారు వేదిక వైపే చూస్తూ అన్నారు. "ఆ కమ్మీ సంగతి నాకు అరవై నాలుగులోనే తెలుసు. రాసి ఉంటే అప్పుడే మార్చేవారు. మర్నాడు ఎగరాలన్న యావ కొద్దీ నామీద వేసుకున్నాను. దాన్నే మంచితనం అనుకున్నాను కూడా. ఆ ఫైల్లో అరవై రెండున్నాయి, నేను నిజంగా చేసిన తప్పు మాత్రం వాటిలో లేదు. నీకేమైనా అయ్యుంటే అది కూడా నీ పేరు మీదే రాసేవారు."

రత్నాకర్ తల వంచుకున్నాడు. చేతిలోని పాసుని మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు.

"నేనూ ఈ నెల మొదట్లో ఒకటి పెట్టాను సర్."

"ఏమిటి?"

"సి ఫారం. వేరే విమానం. దిగేటప్పుడు బ్రేకు పట్టలేదు, గడ్డిలోకి పోయాను. ఎఫ్ రాస్తే ఎనిమిది నెలలన్నారు. ఇవాళ సభలో ఎగరాలి కదా అని, సరిగా తొక్కలేదని రాసిచ్చాను. ఆ విమానాన్ని ఎల్లుండి ఇంకొకతను ఎక్కుతున్నాడు."

నీలాద్రిరాజు గారు లేచి నిలబడ్డారు. వేదిక మీద డైరెక్టరు 'దోషరహిత భవిష్యత్తు' దగ్గరికొచ్చారు. ముందు వరసల వాళ్లు ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి చూశారు.

"ఎక్కడికండీ?" అన్నారు సుభద్రమ్మ గారు.

"రికార్డుల విభాగానికి. చెంచురామయ్య ఇంకా రిటైరవలేదు. పద బాబూ, ఆ కాగితం వెనక్కి తీసుకుని ఎఫ్ ఫారం రాద్దువుగాని."

"ఎనిమిది నెలలు నేల మీదే ఉండిపోవాలి సర్."

"నేను పాతికేళ్లుగా ఉంటున్నాను. ఏమీ కాదు, కొంచెం పొట్ట వస్తుంది."

రత్నాకర్ లేచాడు. రెండడుగులు వేసి ఆగాడు. "పద్నాలుగు ప్రతులు సర్. చేత్తో రాయాలి."

సుభద్రమ్మ గారు అప్పటికే చేతిసంచిలోంచి కలం తీశారు. "ముగ్గురం ఉన్నాంగా. తలా అయిదు రాస్తే పదిహేను అవుతాయి," అన్నారు. "ఒకటి మన దగ్గరుంచుకుందాం."